ఆదిశేషమ్మను పలకరించకూడదు

ఆదిశేషమ్మ మొగుడు చనిపోయిన సంగతి కుప్పంలో అందరికీ తెలుసు. ఏ జబ్బుతో చనిపోయాడో మాత్రం మైకులో తెలిసింది.

కుప్పమంటే పులికాట్ సరస్సు ఒడ్డునున్న చేపలవాళ్ల పల్లె. అక్కడ చేపలు పట్టే ఇళ్లవాళ్లంతా ఏటా ఒకరోజు చేరి చీట్లు వేసుకుంటారు. సరస్సులో చేప పడే చోట్లు కొన్నే. ఏ ఇంటివాళ్లు ఏ రోజు ఏ చోట వల కట్టాలో ఆ చీట్లే తేలుస్తాయి. ఇంటికో చీటీ. అది ఉన్నవాడే ఊళ్లో మనిషి. ఇంటాయన పోయినా చీటీ పోదు. మరిదో బావో ఆ వంతుకు వల కట్టి, పడిన చేపలో సగం ఆ ఇంటికి తెచ్చి పొయ్యాలి. ఆ సగం కోసమే ఆదిశేషమ్మ, మొగుడు గంగులయ్య పోయిన నెలన్నరకి, తలనిండా కొంగు కప్పుకుని వెళ్లి ఆడవాళ్ల చాప మీద చివరగా కూర్చుంది.

పెద్దలు చావు కాగితం అడిగారు. ఆస్పత్రివాళ్లు ఇచ్చిన కాగితం కొంగు ముడిలోంచి తీసి ఇచ్చింది. అందులో ఏముందో ఆమెకు తెలియదు. ఇంగ్లీషులో ఉంది. కుప్పంలో డిగ్రీ చదివినవాడు మధుబాబు ఒక్కడే. అందరి పేర్లూ పిలవడానికి మైకు ఎలాగూ అతని చేతిలోనే ఉంది. కాగితం అందుకుని పై వరస నుంచి మొదలుపెట్టాడు. పేరు చదివాడు, వయసు చదివాడు, తండ్రి పేరు చదివాడు. చావుకు కారణం దగ్గరకొచ్చి మూడు ఇంగ్లీషు అక్షరాలు చదివాడు. ఎవరికీ అర్థం కాలేదేమోనని, "అంటే ఎయిడ్స్" అని తెలుగులో విడమరిచి మరీ చెప్పాడు. అంత చదువు చెప్పినవాళ్లు, చదువుతూ చదువుతూ ఎక్కడ ఆగాలో అతనికి చెప్పలేదు.

ఆదిశేషమ్మను ఎవరూ తిట్టలేదు. పక్కన కూర్చున్నామె కొంగు ఒళ్లోకి లాక్కుంది. ఆ పక్కామె కాళ్లు ముడుచుకుంది. తర్వాత ఒక్కొక్కరే, ఎండ తగులుతున్నట్టు, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచారు. కాసేపటికి అంత పొడుగు చాప మీద ఆమె ఒక్కతే మిగిలింది. పెద్దల్లో ఒకాయన ఇంకా కుండలో వెయ్యని చీట్లలోంచి గంగులయ్య పేరున్నది వెతికించి, మడిచి, బీడీలా చెవి మీద పెట్టుకున్నాడు.

"ఈ ఏటికి ఆ వంతు ఉండనీలే" అన్నాడు.

పదకొండేళ్లయింది. ఆ చీటీ కుండలోకి తిరిగి రాలేదు.

తర్వాత జరిగింది ఎవరైనా ఊహించగలిగిందే. సూళ్లూరుపేట ఆస్పత్రిలో ఆమెకూ నెత్తురు పరీక్ష చేశారు. ఆమెకూ ఉందన్నారు. కొన్నాళ్లు తమ్ముడింట్లో ఉంది. మొదట ఆమె పళ్లెం వేరయింది. ఆ తర్వాత మంచం వసారాలోకి వచ్చింది. మంచం వసారా దాటి పెరట్లోకి వచ్చిన రోజు, ఎవరితోనూ గొడవ పెట్టుకోకుండా రెండు చీరలు మూట కట్టుకుని బస్సెక్కింది. ఆపుతారేమోనని వీధి చివరిదాకా నెమ్మదిగా నడిచింది. ఎవరూ ఆపలేదు.

ఆస్పత్రిలో కౌన్సెలింగ్ చేసే ఫ్లోరా మేడమ్ ఆమెను చూసి అయ్యో పాపం అనలేదు. ఎదురుగా కూర్చోబెట్టి, తన గ్లాసులోని టీ సగం ఇంకో గ్లాసులో పోసి ఇచ్చి, "రోజుకొక మాత్ర. మానేస్తే చస్తావు, మానకపోతే నాకంటే ఎక్కువకాలం బతుకుతావు. ఏం చేస్తావో చెప్పు" అంది. రెండేళ్లకు ఆదిశేషమ్మ ఒళ్లు తేరుకుంది. అప్పుడు ఫ్లోరా మేడమే ఒక సంస్థవాళ్లకు చెప్పి పనిలో పెట్టించింది. ఊళ్లు తిరిగి ఆడవాళ్లతో మాట్లాడే పని. స్టేషను రోడ్డులో ఒళ్లమ్ముకుని బతికేవాళ్లు, రొయ్యల షెడ్లలో పనిచేసేవాళ్లు, మొగుళ్లు మద్రాసు బోట్లమీద నెలల తరబడి ఉండి వచ్చే పెళ్లాలు, అందరూ ఆ పనికిందికే వస్తారు. వాళ్లకు నిరోధ్ పొట్లాలు ఇవ్వాలి, పరీక్షకు తీసుకెళ్లాలి, ఉందని తేలినవాళ్లు మాత్ర మానకుండా చూడాలి. రైలు గేటు దగ్గర ఒక గది అద్దెకు తీసుకుంది. నెత్తిన ఎండుచేపల గంప పెట్టుకుని తిరిగేది. చేపలమ్మే మనిషి ఏ గడపలో నిలబడినా ఎవరూ ఎందుకని అడగరు. మాత్రల డబ్బాలూ పొట్లాలూ గంప అడుగున, తాటాకు చాప కింద ఉండేవి.

మొదట్లో ఈ మాటలు చెప్పడానికి ఆమెకే సిగ్గుగా ఉండేది. స్టేషను రోడ్డు స్వర్ణ ఆ సిగ్గు వదిలించింది. నిరోధ్ ఎలా తొడగాలో చూపించడానికి ఆదిశేషమ్మ ఒకరోజు గంపలోంచి వంకాయ తీస్తే, స్వర్ణ పడీపడీ నవ్వింది.

"ఏంది శేషక్కా, వంకాయ తెచ్చినావు? దాని తొడిమకు ముళ్లుండాయి చూసుకోలా?"

"ఆ ముళ్లకే చినగలేదంటే ఇంక దేనికీ చినగదులే. నవ్వింది చాలు, ఇట్ట చూడవే."

"చూడకేం, రోజూ చూసేదే గదా. మావోళ్లెవురికీ ఇంత నిగనిగ లేదు."

ఆ రోజు ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నారు. తలుపు వేసి ఉన్న గదిలో కాబట్టి నవ్వుకున్నారు. బయట అలా కుదరదని ఆదిశేషమ్మకు త్వరలోనే తెలిసింది.

ఒక సంతరోజు, ఆమె దగ్గర పొట్లాలు తీసుకునే ఒకామె ఎదురై, "శేషక్కా, బాగుండావా?" అని చెయ్యి పట్టుకుంది. మంచి మనిషి. పరీక్షలో ఆమెకు ఏమీ లేదు. ముందుజాగ్రత్తగా పొట్లాలు తీసుకునేది, అంతే. సంతలో కుప్పం ఆడవాళ్లున్నారు. "ఆమె నీకెట్ట తెలుసు?" అని అడిగారు. వారం తిరిగేలోపు ఆమెను మొగుడు పుట్టింటికి తరిమేశాడు.

ఆ రోజు నుంచి ఆదిశేషమ్మ కొత్తగా ఎవరిని కలిసినా అన్నిటికంటే ముందు ఒక మాట చెప్పేది. "బయట నేను కనపడితే పలకరించబాకండి. ముఖం తిప్పుకోండి. నేనూ తిప్పుకుంటా. మాత్ర ఎంతో ఇదీ అంతే."

మూడు మండలాల్లో రెండొందల మంది ఆడవాళ్లకు ఆమె తెలుసు. బజారులో నడిచిపోతుంటే తలలు వరసగా పక్కకు తిరిగేవి. కొన్ని అసహ్యంతో తిరిగేవి. కొన్ని ఆమె చెప్పిన మాట ప్రకారం తిరిగేవి. ఏ తల దేనికి తిరిగిందో ఒక్కోసారి ఆమెకే తెలిసేది కాదు.

చిట్టి ఆమె దగ్గరకు వచ్చేనాటికి ఇరవై ఏళ్లది. మూడో నెల కడుపు. గర్భిణీలకు చేసే పరీక్షల్లో తేలింది. మొగుడు సుబ్బును పిలిపించి చేస్తే అతనికీ ఉంది. అతను బోట్లమీద నాలుగేళ్లు తిరిగి వచ్చినవాడు. నెలరోజులు పెళ్లాంతో మాట్లాడలేదు, తప్పు ఆమెదైనట్టు. తర్వాత ఏమనుకున్నాడో ఏమో, తనూ మాత్రలు మొదలుపెట్టాడు. ఇద్దరివీ కలిపి బోటు ఇంజన్లు బాగుచేసే తన పానాల పెట్టెలో దాచేవాడు. తల్లి నాగులమ్మకు మాత్రం తెలియకూడదన్నాడు. తెలిస్తే ఊరికి తెలిసినట్టే.

ఆస్పత్రి వెనక నీళ్ల ట్యాంకు పక్కన చిట్టి ఒకటే ప్రశ్న అడిగింది.

"నా బిడ్డకు కూడానా అక్కా?"

"అంత రాసిపెట్టి లేదు. రోజూ మాత్ర మింగు, ఆస్పత్రిలోనే కను, పుట్టినాక బిడ్డకు ఇచ్చే మందు మానబాకు. నెలలకొకసారి పరీక్ష చేస్తారు. పద్దెనిమిది నెలలకు ఆఖరిది. దాంట్లో లేదంటే ఇంక లేనట్టే."

"నువ్వు దగ్గరుంటావా?"

"ఉండను. నేను నీ దగ్గర నిలబడితే నీ కొంప మునుగుతాది. ఫోనులో ఉంటా."

ఉంది కూడా. రోజూ ఎనిమిదింటికి ఆదిశేషమ్మ ఒక్కసారి మోగించి ఆపేసేది. చిట్టి మాత్ర మింగి, తిరిగి ఒక్కసారి మోగించేది. మాటలుండవు. ఆ గదిలో రోజుకు ఒక్కసారి మోగే ఫోను అదొక్కటే. ఒక్కోరోజు అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఆదిశేషమ్మ అన్నం ముందు నుంచి లేచి గుమ్మంలో నిలబడేది. మోగాక మళ్లీ వచ్చి కూర్చునేది.

మార్గశిరంలో ఆడపిల్ల పుట్టింది. వార్డులో నాగులమ్మ ఉంటుంది కాబట్టి ఆదిశేషమ్మ ఆస్పత్రి ఎదురుగా టీ బంకు దగ్గర పొద్దంతా నిలబడింది. మూడో రోజు చిట్టి గుడ్డలో చుట్టిన బిడ్డతో మెట్లు దిగి ఆటో ఎక్కుతుంటే చూసింది. బిడ్డ కనపడలేదు, గుడ్డే కనపడింది. పచ్చ గుడ్డ. ఆరు వారాలకు చేసిన పరీక్షలో లేదన్నారు. ఆరు నెలలకు లేదన్నారు. ఇద్దరికీ కాస్త ధైర్యం వచ్చింది.

పదకొండో నెలలో గొడవ మొదలైంది. పుట్టువెంట్రుకలు సూళ్లూరుపేట చెంగాళమ్మకు ఇస్తామని నాగులమ్మ మొక్కుకుని ఉంది. చిట్టి ససేమిరా వద్దంది. ఎందుకో అత్తకు చెప్పలేదు, ఆదిశేషమ్మకు ఫోను చేసి చెప్పింది.

"కత్తి గాటు పడితే నెత్తురు రాదా అక్కా? అదే కత్తి తీసకపోయి ఇంకో బిడ్డ తలమీద పెడితే?"

"ఇప్పుడు తలకొక బ్లేడు మారుస్తారే పిచ్చిదానా. నీ బిడ్డకు లేదని రెండుసార్లు చెప్పినారు గదా."

"ఆఖరిది చెప్పలేదు గదా. మార్చడం మరిచిపోతే? నా బిడ్డ మూలాన ఇంకో తల్లి వచ్చి నీ ముందు ఆ ట్యాంకు కాడ నిలబడకూడదక్కా. ఆఖరి పరీక్ష కానీ. లేదని తేలితే మూడో ఏట తీయిస్తా. ఉందని తేలితే, కత్తే తగలనీను. జడలు కట్టినా సరే."

అనవసరపు భయమని ఆదిశేషమ్మకు తెలుసు. మామూలుగా అయితే విడమరిచి చెప్పి ఒప్పించేది, అది ఆమె పనే. కానీ ఎవరో ముక్కూమొహం తెలియని తల్లి కోసం ఇంట్లో ఇన్ని తిట్లు తింటున్న పిల్లతో వాదించడానికి ఆమెకు నోరు రాలేదు. "సరేలే, నీ ఇష్టం" అంది. ఫోను పెట్టేశాక, తన చీటీ తీసి చెవి మీద పెట్టుకున్న పెద్దమనిషి ఎందుకో గుర్తొచ్చాడు.

బిడ్డకు పదమూడో నెలలో సుబ్బుకు కోట దగ్గర రొయ్యల గుంటల మీద పని దొరికింది. ఇల్లు మారారు. రెండు వారాలు ఎనిమిదింటి ఫోను మామూలుగానే నడిచింది. ఒకరోజు ఒక్కసారి మోగేలోపే అవతల ఎత్తారు.

"ఎవురే నువ్వు? రోజూ ఇదే టయానికి మోగిస్తావు, ఎత్తేలోపల పెట్టేస్తావు. నా కోడలితో నీకేం పని? ఆడదానివా, మొగోడివా? పలకవేందే?"

ఆదిశేషమ్మ ఊపిరి కూడా వినపడకుండా ఫోను ఆపేసింది. మరునాటి నుంచి ఆ నంబరు పనిచేయడం లేదని ఫోనులో రికార్డు గొంతు చెప్పసాగింది.

ఫ్లోరా మేడమ్‌ను అడిగింది. చిట్టి మందుల కార్డు నెల్లూరుకు మారిందని, అంతవరకే ఆవిడ చెప్పింది.

"ఆఖరి పరీక్ష సంగతి కనుక్కుని చెప్పు మేడమ్. ఒక్కమాట. ఉందా లేదా, అంతే."

"ఆమె చెప్పమంటేనే చెప్పాలి శేషమ్మా. ఒకరి కాగితం ఇంకొకరికి చదివి వినిపించినందుకే గదా నువ్వు ఇక్కడిదాకా వచ్చింది."

మాట నిజం. నిజమైనందుకే మింగుడుపడలేదు. ఆ తర్వాత ఆమె మళ్లీ అడగలేదు.

బిడ్డకు పద్దెనిమిది నెలలు నిండాయి. దాటాయి. ఆదిశేషమ్మ వేళ్లమీద లెక్కబెట్టుకుంటూనే ఉంది. ఎనిమిదింటికి ఫోను చేసి, ఆ నంబరు లేదని చెప్పే గొంతు పూర్తిగా విని, అప్పుడు తన మాత్ర మింగేది. పనిలేని ఆదివారాలు చెంగాళమ్మ గుడి బయట గంప దించుకుని కూర్చునేది. గుండు పిల్లలు ఏడుస్తూ బయటికొచ్చేవాళ్లు. తలలకు గంధం, చేతుల్లో బూరలు. ఆమె ముందు తల్లి ముఖం చూసేది, తర్వాత బిడ్డను చూసేది. ఎండుచేపలు కొనడానికి ఎవరైనా వంగితే విసుక్కునేది, అడ్డమొచ్చారని.

మళ్లీ మార్గశిరం వచ్చింది. ఒక శుక్రవారం నాయుడుపేటలో పనుండి సూళ్లూరుపేటలో గూడూరు వైపు పోయే ప్యాసింజరు ఎక్కింది. ఆడవాళ్ల పెట్టె. కిటికీ పక్కన కూర్చుని గంప కాళ్ల మధ్య పెట్టుకుంది. బండి కదిలేముందు ఒక పెద్దావిడ సంచులతో ఎక్కి, "జరగమ్మా కాస్త, బిడ్డతో ఉండాం" అంది. గొంతు వినగానే ఆదిశేషమ్మ గుర్తుపట్టింది. ఫోనులో ఎవురే నువ్వు అని అడిగిన గొంతు. ఆ మనిషి ఆదిశేషమ్మ ముఖం ఎన్నడూ చూడలేదు. ఆమె వెనకే చంకలో బిడ్డతో చిట్టి.

చిట్టి ఆమెను చూసింది. చూసిన కళ్లు ఒక్క క్షణం ఆగి, పక్కకు తిరిగాయి. చెప్పిన మాట మరిచిపోలేదు. బాగా నేర్చుకుంది. ఆదిశేషమ్మ కూడా తిప్పుకుంది. కానీ తిప్పుకునేలోపు బిడ్డ తల వైపు చూడకుండా ఉండలేకపోయింది. తలమీద ఉన్ని టోపీ. గడ్డం కింద ముడి.

"ఏ ఊరమ్మా మీది?" అని పెద్దావిడను అడిగింది, కొత్తవాళ్లను అడిగినట్టు.

"కోట పక్కన, రొయ్యల గుంటల కాడ. అమ్మోరి గుడికొచ్చి పోతా ఉండాం."

గుడికి వచ్చినంత మాత్రాన ఏమీ తేలదు. ఊరికే దణ్ణం పెట్టుకునీ పోవచ్చు. బండి కదిలింది. ఆదిశేషమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. రొయ్యల గుంటలు వెనక్కి పోతున్నాయి. ఏ ఒక్కటీ ఆమె కంటికి ఆనలేదు. టోపీ అంచు కింద చెవి పక్కన ఒక్క వెంట్రుకైనా కనపడుతుందా లేదా, అదే చూడాలి. చూస్తే చిట్టి ముఖం చూడాల్సి వస్తుంది.

నాగులమ్మకు మాట్లాడేందుకు మనిషి కావాలి.

"మా కోడలు ఉండాదే, ఇట్టాంటి మనిషి యాడా ఉండదమ్మా. బిడ్డకు ఏడాది లోపల పుట్టెంట్రుకలు తీయిద్దామంటే ఇల్లు పీకి పందిరేసింది. కత్తి గుచ్చుకుంటాదంట. మనమంతా గుండ్లు కొట్టించుకోకనే పెరిగినామా? నోరు నొప్పిపుట్టేలాగా తిట్టినా. ఊహూ."

"మరి?" అంది ఆదిశేషమ్మ.

"మరేముంది. ఈ ఏడు వానలు పడకముందు ఒకరోజు, బిడ్డను ఎత్తుకుని మొగుడూ పెళ్లాలు నెల్లూరికి పోయొచ్చినారు. వస్తానే నా కాళ్లమీద పడింది. ఏడస్తా ఉందో నవ్వతా ఉందో తెలీలా. అత్తా, ఇంక తీయించేద్దామత్తా అంటాది. మూడో ఏడు రానీవే అని నేనే ఆపాల్సొచ్చింది. అప్పుటి నుంచి నాకంటే తొందర దానికి."

చిట్టి ఏమీ విననట్టు బిడ్డ కాలి పట్టీ సర్దుతోంది. బిడ్డకు ఉక్కపోసిందో ఏమో, రెండు చేతులతో టోపీ పట్టుకుని పీకింది. ముడి ఊడింది. నున్నటి గుండు. గంధం ఆరి పెచ్చులు కట్టింది. నడినెత్తికి కాస్త కిందగా సన్నటి గాటు, దానిమీద ఆవగింజంత ఎండిన నెత్తురు.

"చూడు, గాటు కూడా పడింది" అంది నాగులమ్మ. "అంత గోల చేసిన మనిషి, ఇయ్యాల కిక్కురుమనలా."

చిట్టి బొటనవేలు తడిచేసి ఆ నెత్తురు మెల్లగా తుడిచింది. వేలు చీరకు రాసుకుంది. అంతే.

పులిహోర పొట్లమున్న సంచిని సీటు కిందనుంచి లాగమని నాగులమ్మ కోడలికి చెప్పింది. కోడలి ఒళ్లోని బిడ్డను తను తీసుకుని, తీసుకున్న చేత్తోనే పక్కనున్న మనిషి ఒళ్లో పెట్టింది. "కాస్త పట్టుకోమ్మా."

పదకొండేళ్లలో ఆదిశేషమ్మ ఒళ్లో ఎవరూ బిడ్డను పెట్టలేదు. ఎక్కడ చెయ్యి వేసి పట్టుకోవాలో తెలియక మొదట గాలిలో పట్టుకున్నట్టు పట్టుకుంది. బిడ్డ బరువుగా ఉంది. ఎండుచేపల వాసనకు ముక్కు ముడిచి, గంపలో చెయ్యి పెట్టబోయింది. గంధం వాసన, పాల వాసన. ఆమె వంగి ఆ గుండు మీద గాటుకు దూరంగా, చెంప ఆనించీ ఆనించనట్టు ఆనించింది.

"నీకెంతమంది బిడ్డలు?" అంది నాగులమ్మ పొట్లం విప్పుతూ.

"లేరు."

"అయ్యో. అయినోళ్లన్నా ఉండారా?"

"ఉండారు. శానామంది."

"మరి ఒక్కదానివే తిరగతా ఉండావే?"

"ఎవురి పని వాళ్లది గదమ్మా."

నాయుడుపేట దగ్గరపడింది. ఆదిశేషమ్మ బిడ్డను తిరిగి నాగులమ్మకే ఇచ్చింది, చిట్టికి ఇవ్వలేదు. పులిహోర పెట్టబోతే వద్దంది. గంప చంకన పెట్టుకుని తలుపు దగ్గరకు వెళ్లింది. వెనక దిగేవాళ్లు తోసుకుంటున్నారు. అంతలో చేతులు కడుక్కునే వంకతో చిట్టి వచ్చి, ఆమెకూ తలుపుకూ మధ్య నిలబడింది. కళ్లనిండా నీళ్లు. చెయ్యి చాచి ఆదిశేషమ్మ మణికట్టు పట్టుకుంది. "అక్కా" అంది. మెల్లగా అనాలనుకుంది కాబోలు, గట్టిగానే వచ్చింది.

పెట్టెలోంచి నాగులమ్మ మెడ సాచి చూసింది. "ఏమే చిట్టీ, నీకు తెలిసినామేనా?"

బండి ఆగింది. వాళ్లిద్దరూ ఎదురుపడడం అదే ఆఖరు. ఆదిశేషమ్మ చెయ్యి విడిపించుకుంది, ఎన్నడూ చూడని మనిషిని చూసినట్టు చిట్టిని ఎగాదిగా చూసింది, అందరికీ వినపడేలా విసుక్కుంది.

"అడ్డంగా నిలబడబాకమ్మా, దిగేవాళ్లకు దారియ్యి."